నూట అయిదో ఏట నా కచేరీ

లెక్కల మాస్టారిని కనక ముందు లెక్క చెబుతాను. ఏ విద్యలోనైనా ఆరితేరాలంటే పదివేల గంటల సాధన కావాలని ఒక మాట లోకమంతా పాకింది. రోజుకి అరగంట చొప్పున పదివేల గంటలంటే ఇరవై వేల రోజులు. అంటే యాభై నాలుగేళ్ల తొమ్మిది నెలలు. నేను గిటార్ పట్టింది యాభై నిండాక. ఒక్కరోజు కూడా నాగా పెట్టకుండా వాయిస్తే నా నూట అయిదో ఏట విద్వాంసుణ్ణవుతాను. కచేరీకి మీరంతా రావాలి. టిక్కెట్టు లేదు.

ఈ పదివేల లెక్క 1993లో పుట్టింది. ఆండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మరిద్దరితో కలిసి, బెర్లిన్‌లో వయొలిన్ నేర్చుకుంటున్న విద్యార్థులని పరిశీలించాడు. వాళ్లలో మేటివాళ్లు ఇరవయ్యో ఏడు వచ్చేసరికి ఒంటరిగా కూర్చుని సగటున పదివేల గంటల పైన సాధన చేశారని తేలింది. 2008లో మాల్కం గ్లాడ్‌వెల్ ‘అవుట్‌లయర్స్’ అనే పుస్తకంలో దాన్నొక సూత్రం చేసి కూర్చోబెట్టాడు. బాబూ, అది సగటు మాత్రమే, ఆ మేటివాళ్లలోనే సగంమంది అప్పటికి ఆ అంకె చేరలేదు అని ఎరిక్సన్ తరవాత మొత్తుకున్నాడు. సగటుకీ సూత్రానికీ తేడా చెప్పలేక మేము బోర్డు ముందు ఏటా పడే అవస్థే ఆయనా పడ్డాడు.

అది అలా ఉంచండి. ఆ లెక్క ఏదో ఒకటి అయిపోదామనుకునే వాళ్లది. ఏమీ అవ్వదలుచుకోనివాడి సంగతేమిటి?

గిటార్‌ని విశాఖపట్నంలో కొని ఆర్టీసీ బస్సులో శ్రీకాకుళం తెస్తుంటే కండక్టరు ఆ నల్ల సంచీ చూసి “అబ్బాయికాండీ?” అనడిగాడు. “నాకేనండీ” అన్నాను. టిక్కెట్టు చేతిలో పెట్టి, ఇంకో మాట లేకుండా వెనక సీట్లకి వెళ్లిపోయాడు. మా ఊరు అరసవల్లిలో దిగాక మా వీధివాళ్లు అంత మర్యాద పాటించలేదు. “పోగ్రాం ఎప్పుడు మేస్టారూ?” అని ఒకరు, “ఈ వయసులో ఏటి లాభం?” అని ఇంకొకరు. మనవైపు సంగీతం నేర్చుకోడానికి ఒప్పుకున్న కారణాలు కొన్నే ఉన్నాయి. పిల్లలకైతే పోటీలు, సర్టిఫికెట్లు. ఒకప్పుడు ఆడపిల్లకైతే పెళ్లిచూపుల్లో పాడటానికి రెండు కీర్తనలు. వంశంలో ఉంటే వృత్తి. రిటైర్మెంటుకి దగ్గర పడుతున్న లెక్కల మాస్టారు ఏ గడిలోనూ ఇమడడు.

యాభై ఏళ్లు వచ్చేసరికి మనిషి తన రోజుని ఎంత తెలివిగా సర్దుకుంటాడో గమనించారా? వచ్చిన పనులు తన దగ్గర ఉంచుకుంటాడు. రానివి ఎవరికో అప్పజెప్పేస్తాడు. సెల్‌ఫోన్‌లో కొత్తగా ఏం వచ్చినా పిల్లలకి, వంటిల్లు ఇల్లాలికి, ఆదాయపు పన్ను ఆడిటరుకి. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా తనకి చేతకాని పని ఒక్కటీ ఎదురుపడకుండా చూసుకుంటాడు. దానికి అనుభవం అని పేరు పెట్టుకుంటాడు. నేను ముప్పై ఏళ్లకి దగ్గరగా త్రికోణమితి చెబుతున్నాను, నిద్రలో లేపినా చెబుతాను. చేతకానితనం రుచి ఎలా ఉంటుందో మరిచిపోయి చాలాకాలమైంది. గిటార్ దాన్ని రోజూ సాయంత్రం ఆరున్నరకి తెచ్చి నా ఒళ్లో పెడుతుంది.

మావైపు గిటార్ పట్టిన చేతులు ఎక్కువగా చర్చిల్లో కనబడతాయి. నాకు నేర్పే అబ్బాయి కూడా ఆదివారం ఆరాధనలో వాయించేవాడే. ఒకప్పుడు నా దగ్గరే పదో తరగతి చదివాడు, లెక్కల్లో గట్టెక్కాడు, అంతవరకే. ఇప్పుడు కుర్చీలు మారాయి గాని పిలుపులు మారలేదు. గురువు శిష్యుణ్ణి “మేస్టారూ” అంటాడు, శిష్యుడు గురువుని “ఒరే నాయనా” అంటాడు. నా వేలు పక్క తీగని తాకి మొద్దు చప్పుడు వస్తే “తప్పు” అనడానికి అతనికి నోరు రాదు. “ఇంకోపాలి నెమ్మదిగా సూద్దాం మేస్టారూ” అంటాడు.

ఆ మాట ఇప్పుడు నా తరగతి గదిలోకి వచ్చేసింది. ఏడో తరగతిలో భిన్నాల కూడిక దగ్గర పెన్సిలు పట్టుకుని ఆగిపోయే పిల్లవాడుంటాడు. క.సా.గు. అంటే ఏమిటో అడిగితే చెబుతాడు, ఎలా కట్టాలో కూడా చెబుతాడు, కాగితం మీద మాత్రం చెయ్యి కదలదు. ఒకేసారి కలిపి మీటే స్వరాల గుంపుని కార్డ్ అంటారు; జి కార్డ్ నుంచి సి కార్డ్‌కి మారాలన్నప్పుడు నా ఎడమ చేతికి జరిగేది అచ్చంగా అదే. ఏ వేలు ఏ తీగ మీదికి వెళ్లాలో నాకు తెలుసు. నిద్రలో లేపితే చెబుతాను. వేళ్లు మటుకు గాల్లోనే ఉంటాయి, ఈలోగా కుడిచెయ్యి తన దారిన తను ఖాళీ తీగలు మీటుకుంటూ పోతుంది. తెలియడం వేరు, చేతికి రావడం వేరు. మధ్యలో ఉన్న దూరాన్ని పాఠం చెప్పి దాటించలేం. అక్కడ పనిచేసేది ఆ అబ్బాయి మాటే: ఇంకోపాలి, నెమ్మదిగా.

రెండు చేతులూ రెండు దారులు పట్టినప్పుడల్లా నాకు ఆదిభట్ల నారాయణదాసుగారు గుర్తొస్తారు. అజ్జాడలో పుట్టిన ఆ మహానుభావుడు రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఈ అయిదింటితో ఒకేసారి అయిదు తాళాలు వేసేవారని మా ప్రాంతంలో కథలుగా చెప్పుకుంటారు. 1919లో విజయనగరంలో మహారాజావారు సంగీత కళాశాల పెట్టినప్పుడు దాసుగారే మొదటి ప్రిన్సిపాలు. ఆ గాలి పీల్చుకున్న జిల్లాల్లో పుట్టి, రెండు చేతుల్ని ఒక తాళంలో పెట్టలేకపోవడం కొంచెం నామోషీగానే ఉంటుంది.

గిటార్ పరాయి వాయిద్యం, మనకెందుకు అని పెదవి విరిచేవాళ్లకి కూడా ఆ కళాశాల పేరే చెబుతాను. అదే సంవత్సరం అక్కడ వయొలిన్ ఆచార్యులుగా చేరినవారు ద్వారం వెంకటస్వామినాయుడు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు దాటాయంతే. చూపు సరిగా ఆనదు. విద్యార్థిగా చేరదామని వెళితే, వాయిద్యం విని అధ్యాపకుడిగా తీసుకున్నారని చెప్పుకుంటారు. 1936లో ఆయనే ప్రిన్సిపాలయ్యారు, 1941లో సంగీత కళానిధి అయ్యారు. ఆ వయొలిన్ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఐరోపా నుంచి ఓడలో. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దాన్ని నేర్చి మన సంగీతానికి తెచ్చాడు. ఇవాళ వయొలిన్ లేని కర్ణాటక కచేరీ ఊహకే అందదు. వాయిద్యానికి ఊరు ఉండదు, సాధన చేసినవాడి ఊరే దాని ఊరు. ద్వారంవారి తరవాత వయొలిన్‌ది విజయనగరం. గిటార్‌ది అరసవల్లి అవుతుందని నేననను. నూట అయిదో ఏట చూద్దాం.

లెక్కల మాస్టారికి గిటార్ మెడని ఎంతసేపు చూసినా తనివి తీరదు. మెడ మీద అడ్డంగా కొట్టిన లోహపు మెట్లే ఫ్రెట్లు. తీగ పొడుగు 650 మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో స్పెయిన్‌లో ఆంటోనియో దె తోరెస్ చేసిన గిటార్ల నుంచి ఆ కొలత నిలబడిపోయింది. పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 325 దగ్గర. అక్కడ నొక్కి మీటితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. మొదటి మెట్టు 36.5 మిల్లీమీటర్ల దగ్గర. అక్కణ్ణుంచి ప్రతి మెట్టుకీ, మిగిలిన పొడుగుని 17.817తో భాగించుకుంటూ పోవాలి. గుణశ్రేఢి ఎక్కడ పనికొస్తుంది సార్ అనడిగే పిల్లలకి ఇప్పుడు టేపు తీసి కొలిచి చూపిస్తున్నాను. లూట్ అనే పాత తంత్రీవాద్యానికి 17.817 బదులు ఉజ్జాయింపుగా 18 చాలని 1581లో రాసినాయన విన్సెంజో గెలీలీ. ఆయన లూట్ వాద్యకారుడు, గెలీలియోకి తండ్రి. కొడుక్కి కొలతల పిచ్చి ఎక్కడ అంటిందో ఊహించుకోవచ్చు.

ఈ మెట్ల విషయంలో మాకు దగ్గరలోనే ఇంకో లోకం ఉంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు పనస మాను తొలిచి వీణలు చేస్తాయి. కుండ, దండి అన్నీ ఒకే మానులోంచి తీస్తే అది ఏకాండి వీణ. దానికి ఇరవై నాలుగు మెట్లు. వాటిని మైనంలో కూర్చి, చెవితో స్వరం చూసుకుంటూ ఒక్కొక్కటి నిలబెడతారు. గిటార్‌లో లెక్క చేసే పని వీణలో చెవి చేస్తుంది. పైగా వీణ మీద తీగని పక్కకి లాగితే ఒక మెట్టులోంచే నాలుగైదు స్వరాలు జారతాయి, గమకమంతా అక్కడే ఉంది. గిటార్ ఉక్కు తీగ బిగువు మీద అంత లాగుదామంటే వేలు తెగుతుంది. శంకరాభరణం సాదాగా అడిగితే పలుకుతుంది, కాంభోజి అడిగితే మొహం చాటేస్తుంది. అయితే ఈ సాకు చెప్పుకోడానికి కూడా వీల్లేకుండా చేశాడు పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. మెట్లున్న చిన్న ఎలక్ట్రిక్ మాండలిన్ మీద ఏ రాగం పలికించలేదు ఆయన? 2014లో నలభై అయిదేళ్లకే వెళ్లిపోయాడు. ఆయన రికార్డు విన్న సాయంత్రం నేను గిటార్ ముట్టుకోను. అది నాగా కాదు, మర్యాద.

ఇక ఆదివారం. లోకంలో అభిరుచులన్నిటికీ ఆదివారమే పండగ, మాకు అది కుదరదు. అరసవల్లిలో ఆదివారమంటే సూర్యనారాయణస్వామి వారం. తెల్లవారకముందే బస్సులూ ఆటోలూ దిగిపోతాయి. తలనీలాలిచ్చి గంధం పూసుకున్న గుండ్లు వీధి నిండా మెరుస్తాయి. గుడి మైకు ఒక శ్రుతిలో, కొబ్బరికాయల కొట్టు రేడియో ఇంకో శ్రుతిలో, ఈ రెంటికీ మధ్య అయిదో తీగని 110 హెర్ట్జ్‌కి బిగిద్దామంటే ఫోన్‌లో ఉన్న ట్యూనరు కూడా బిత్తరపోతుంది. గురువుగారు ఎలాగూ చర్చిలో ఉంటాడు. కాబట్టి దేవుళ్లిద్దరూ కలిసి నాకు ఆదివారం సెలవిచ్చారు. పైన వేసిన లెక్కలో ఈ ఆదివారాలు తీసెయ్యలేదు సుమా. తీసేస్తే కచేరీ ఇంకో తొమ్మిదేళ్లు వెనక్కి పోతుంది.

మిగతా ఆరు రోజులూ ఆరున్నర అంటే ఆరున్నరే. మా గుడి గురించి మీకు తెలిసే ఉంటుంది. ఏటా మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కొన్ని రోజులపాటు పొద్దుటి కిరణాలు తిన్నగా లోపలికి వచ్చి మూలవిరాట్టు పాదాల మీద పడతాయి. వసంత విషువత్తుకి కొద్దిరోజుల ముందూ, శరద్విషువత్తు దాటిన కొద్దిరోజులకీ సూర్యుడు తూర్పున దాదాపు ఒకేచోట పొడుస్తాడు కనక ఆ రెండు నెలలూ వచ్చాయి. చూడాలని దూరాభారం నుంచి వస్తారు జనం. మబ్బు పట్టిందా, కిరణ దర్శనం లేదు, నిట్టూర్చి వెళ్లిపోతారు. మబ్బు పట్టిందని గుడి తలుపులు తీసే వేళ మాత్రం ఎవరూ మార్చరు. నా అరగంటకి కూడా నేనంతకంటే పెద్ద నియమం పెట్టుకోలేదు. వాయిద్యం పలుకుతుందా లేదా అన్నది నా చేతిలో లేదు. ఆరున్నరకి కూర్చోవడం నా చేతిలో ఉంది.

ఆ అరగంటలో జరిగేది చూస్తే ఎవరికైనా విసుగే. ముందు నాలుగు వేళ్లూ వరసగా నాలుగు మెట్ల మీద, ఆరో తీగ నుంచి ఒకటో తీగ దాకా, మళ్లీ వెనక్కి. మన సరళీ స్వరాల పనే ఇది, రాగం లేదంతే. సరళీ వరసల్ని మాయామాళవగౌళలో మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం అని రెట్టింపు చేసుకుంటూ పోతారు. పదేళ్ల పిల్లలకి అది బాగానే నప్పుతుంది. యాభై దాటిన వేళ్లు రెట్టింపు అనగానే బెదిరిపోతాయి. అందుకని లయ దెబ్బలు కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి అరవై దెబ్బల దగ్గర పెట్టి, తప్పు లేకుండా వస్తేనే నాలుగు దెబ్బలు పెంచమన్నాడు మా గురువు. తప్పు వస్తే నాలుగు తగ్గించమన్నాడు. ఈ తగ్గించడం దగ్గరే మనసు ఎదురు తిరుగుతుంది. తప్పు పడిన చోటునే పదిసార్లు గబగబా వాయించేస్తే పోతుందనిపిస్తుంది. పోదు, గట్టిపడుతుంది. వేలు మంచీ చెడూ చూడదు, ఏది ఎక్కువసార్లు చేయిస్తే దాన్నే నేర్చుకుంటుంది.

ఇంకో విచిత్రం. సాయంత్రమంతా కుస్తీపట్టినా లొంగని కార్డు మార్పు మర్నాడు మొదటిసారికే వచ్చేస్తుంది ఒక్కోసారి. నిద్రపోతున్నప్పుడు మెదడు చేతిపనిని సర్దుకుంటుందని దీనిమీద పరిశోధన చేసినవాళ్లు చెబుతున్నారు. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కన్నా రోజూ అరగంట మేలు కావడానికి కారణం అదే. మధ్యలో ఆరు రాత్రుల నిద్ర కలిసొస్తుంది. నా పనిలో సగం నేను గురకపెడుతుండగా జరుగుతోందంటే అంతకన్నా ఏం కావాలి?

పక్కింటి పెద్దాయన అరుగు మీద కూర్చుని రోజూ వింటాడు, తప్పించుకునే దారి లేక. “ఇంకా ఆ పాటేటి మేస్టారూ? అవ్వనేదేటి?” అన్నాడు ఒకరోజు. “అది అవ్వదు మావయ్యా, అలాగే ఉంటాది” అన్నాను. మా ఆవిడ మాత్రం ఆరున్నరకే కుక్కరు పెడుతుంది. విజిల్‌తో శ్రుతి కలుపుకోమంటుంది.

వేళ్ల కొసల సంగతి చెప్పకపోతే ఇది గిటార్ వ్యాసం కాదు. ఉక్కు తీగలు మొదట కోస్తాయి, తరవాత మండిస్తాయి, ఆ తరవాత చర్మం మొద్దుబారి కాయ కాస్తుంది. ఎడమచేతి నాలుగు వేళ్లకీ కాసిన కాయలు చూసుకుని నాకూ కొంచెం గర్వం కలిగిన మాట నిజం. ఆ గర్వం పొందూరు వెళ్తే నిలవదు. మా జిల్లాలోనే ఉంది పొందూరు. వాలుగ చేప దవడ ఎముకని దువ్వెనగా పట్టి ఆడవాళ్లు పత్తి గింజల మీద పోగుని దువ్వుతారక్కడ, దాంతో రాట్నం మీద వడికిన నూలే సన్నఖాదీ అవుతుంది. ఆ వేళ్లకున్న నేర్పు ముందు ఏ గిటార్ వేళ్లూ చాలవు. వాళ్లు ఒకరోజు మానేస్తే ఆ రోజు కూలి ఉండదు. నేను మానేస్తే మావయ్య హాయిగా నిద్రపోతాడు. అందుకే నా సాధనని కష్టం అనడానికి నాకు నోరు రాదు. జీతం వచ్చే ఉద్యోగం, తీరిక ఉన్న సాయంత్రం, తలుపు వేసుకోడానికి ఒక గది, ఇవన్నీ ఉన్నవాడి భోగం ఇది. భోగమైనా సరే, వేళకి కూర్చోకుండా అనుభవించడం కుదరని భోగం.

మీ ఇంట్లో కూడా అటక మీద పిల్లలెవరో వదిలేసి వెళ్లిన గిటార్ ఉండే ఉంటుంది. దించండి. మన గాలిలో తేమకి తీగలు తుప్పు పట్టి ఉంటాయి, కొన్ని వందల రూపాయలకి కొత్త సెట్టు వస్తుంది. వాయించాక రోజూ పొడిగుడ్డతో తీగలు తుడవండి, ఎక్కువ రోజులు నిలుస్తాయి. పన్నెండో మెట్టు దగ్గర స్కేలు పెట్టి తీగ ఎంత ఎత్తున ఉందో చూడండి. మూడు మిల్లీమీటర్లు దాటితే కొట్టుకి తీసుకెళ్లి దింపించుకోండి. చాలామంది మానేసేది తమకి రాక కాదు, తీగ ఎత్తుగా ఉండి వేళ్లు నొప్పెట్టి. చూపుడువేలు ఆరు తీగల మీదా అడ్డంగా పరవాల్సిన ఎఫ్ కార్డ్ దగ్గర నెలల తరబడి ఆగిపోతారు, కంగారు పడకండి, నేనూ అక్కడే ఉన్నాను. తుఫాను రాత్రి కరెంటు పోయినా గిటార్‌కి ఫరవాలేదు. వేళ మీ ఇష్టం. ఆరున్నర మాత్రం మా కుక్కరుది.